ల్యాప్‌టాప్ కాదది, కుంపటి!

మే నెల. మధ్యాహ్నం రెండు గంటలు. కొత్తగూడెంలో ఓ రిటైర్డ్ తెలుగు మాస్టారి ఇల్లు. హాల్లో ఎయిర్ కూలర్ గుయ్‌మని తిరుగుతోంది. దాన్ని మించిన చప్పుడు పక్క గదిలోంచి వస్తోంది. బీటెక్ ఆఖరి సంవత్సరం చదువుతున్న మాస్టారి అమ్మాయి మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ప్రాజెక్టు రిపోర్టు కొడుతోంది.

‘‘ఏంటమ్మా ఆ మోత? గదిలో పిండిమర గానీ పెట్టావా?’’ అని మాస్టారు అడుగుతుండగానే మోత ఆగిపోయింది. తెర నల్లబడింది. అమ్మాయి నోట మాట లేదు. పొద్దున్నుంచి కొట్టిన పేజీలు సేవ్ చేసిందో లేదో గుర్తు లేదు. సోమవారం వైవా. ఆ రోజు గురువారం!

అరగంట ఆగి మళ్లీ ఆన్ చేస్తే వచ్చింది. లిబ్రెఆఫీస్ పది నిమిషాలకోసారి తనంతట తానే దాచుకున్న కాపీ పుణ్యమా అని రిపోర్టు చాలావరకు దక్కింది. కానీ ఇరవై నిమిషాల్లో మళ్లీ అదే మోత, అదే సెగ, అదే చీకటి. అడుగున చెయ్యి పెడితే అట్ల పెనం మీద పెట్టినట్టే ఉంది.

ఆ ల్యాప్‌టాప్‌కి ఓ కథ ఉంది. 2017లో మాస్టారి అబ్బాయి ముచ్చటపడి కొనిపించుకున్న గేమింగ్ మోడల్ అది. ఇంటెల్ ఏడో తరం ఐ5 ప్రాసెసర్, దానికి తోడు ఎన్విడియా జీటీఎక్స్ 1050 గ్రాఫిక్స్ కార్డు. అబ్బాయి ఉద్యోగానికి వెళ్తూ చెల్లెలికి ఇచ్చేశాడు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే కుదరదు. ఇంటెల్‌లో ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే దానికి అర్హత. ఒక్క తరం తేడాతో నిక్షేపంలాంటి మిషను పాతసామాన్ల జాబితాలోకి పోయిందన్నమాట. క్లాసులో ఎవరో చెబితే అమ్మాయి లైనక్స్ మింట్ వేసుకుంది. పైసా ఖర్చు లేదు. మొదటివారం రోజులూ మెరుపులా పనిచేసింది. ఎండలు ముదిరాక మొదలైంది అసలు సినిమా.

ఊళ్లో ఒక షాపుకి తీసుకెళ్తే ‘‘లైనక్స్ వేశారుగా, అందుకే సార్. తీసేసి విండోస్ వేస్తా’’ అన్నాడు. ఇంకో షాపులో ‘‘మదర్‌బోర్డు పోయేలా ఉంది సార్. దీనికి పెట్టే డబ్బుకి కొత్తది తీసుకోండి’’ అని తేల్చేశాడు. కొత్తదంటే మాటలా! మాస్టారు మోకాలి ఆపరేషన్‌కని దాచుకున్న చీటీ డబ్బుల వైపు ఆలోచన పోయింది. ‘‘నా కాలు ఇంకో ఏడాది ఆగుతుందిలే’’ అన్నారాయన. ఆ మాటకి అమ్మాయికి ఏడుపొచ్చింది. ఆ రాత్రే హైదరాబాద్‌లో ఓ ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూసే పెదనాన్న కొడుక్కి ఫోన్ చేసింది.

‘‘అన్నయ్యా, లైనక్స్ వేస్తే ల్యాప్‌టాప్ కాలిపోతుందా?’’

‘‘కాలిపోదు గానీ చెల్లెమ్మా, ముందు నీ ప్రాజెక్టంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు. ఆ తర్వాత మాట్లాడుకుందాం.’’

ఇది చాలామంది మర్చిపోయే సంగతి. వేడెక్కి ఆగిపోతున్న మిషన్‌లో ఇంటి ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, చదువుల ఫైళ్లు ఉంటాయి. రిపేరు సంగతి తర్వాత. అవి బయటికి రావాలి.

నిద్రపోతేనే చల్లదనం

ఇంతకీ లైనక్స్ వేస్తే వేడెక్కుతుందన్న మాటలో నిజమెంత? సగం ఉంది.

ప్రాసెసర్ తాగిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఉన్న తరగతి ప్రాసెసర్‌కి ఇంటెల్ చెప్పిన లెక్క 45 వాట్లు. అది ఒళ్లొంచి పనిచేసేటప్పటి సంగతి. మీరు ఒక అక్షరం కొట్టి ఇంకో అక్షరం కోసం ఆలోచించే ఆ కాస్త వ్యవధిలో ప్రాసెసర్ వందలసార్లు కునుకు తీయగలదు. కునుకు ఎంత గాఢమైతే కరెంటు అంత తక్కువ, సెగ అంత తక్కువ. దాన్ని ఎప్పుడు పడుకోబెట్టాలి, ఎప్పుడు లేపాలి అని చూసుకునేది ఆపరేటింగ్ సిస్టమే.

ఈ విద్య లైనక్స్‌కి పుట్టుకతో రాలేదు. 2007కి ముందు లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్, పని ఉన్నా లేకున్నా సెకనుకి వందలసార్లు ప్రాసెసర్‌ని తట్టి లేపేది. పసిపిల్లాణ్ని నిమిషానికోసారి ‘నిద్రపోయావా నాన్నా’ అని లేపి అడిగితే ఎలా ఉంటుంది? అలా అన్నమాట. ఆ ఏడాది వచ్చిన 2.6.21 కెర్నెల్‌తో ఆ అలవాటు మానిపించడం మొదలుపెట్టారు. అదే ఏడాది ఇంటెల్ వాళ్లు ‘పవర్‌టాప్’ అనే చిన్న ప్రోగ్రాం ఉచితంగా ఇచ్చారు. ఏ ప్రోగ్రాం ప్రాసెసర్‌ని ఎన్నిసార్లు నిద్ర లేపుతోందో అది పేరుపేరునా చూపించి పట్టిస్తుంది. ఇప్పటికీ పనికొచ్చే సరుకే.

2011లో ఇంకో తమాషా జరిగింది. 2.6.38 కెర్నెల్ వచ్చాక కొన్ని ల్యాప్‌టాప్‌లు ఉన్నట్టుండి కరెంటు ఎక్కువ తాగడం మొదలెట్టాయి. ఫొరోనిక్స్ అనే సైటు నడిపే మైఖేల్ లారబెల్ కెర్నెల్ మార్పులన్నీ జల్లెడపట్టి, లోపలి కార్డులకి విశ్రాంతినిచ్చే ఏర్పాటు దగ్గర తేడా వచ్చిందని పట్టుకున్నారు. విషయం ఏమిటంటే, కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్ ‘నాకా విశ్రాంతి పద్ధతి తెలీదు’ అని కాగితం మీద రాసిచ్చి, లోపల మాత్రం దాన్ని ఆన్ చేసే ఉంచేది. విండోస్ ఆ కాగితం చూసి, ఉన్నదాన్ని కదపకుండా వదిలేసేది. లైనక్స్ మాత్రం నిజాయతీగా నమ్మి మొత్తం ఆపేసేది! మాథ్యూ గారెట్ అనే ఇంజినీరు ‘మనమూ విండోస్‌లాగే దాని జోలికి పోకుండా ఉందాం’ అని సవరణ రాస్తే, 2012లో వచ్చిన 3.3 కెర్నెల్‌లో చేరింది.

పాత గొడవే అయినా అసలు కిటుకు ఇందులోనే ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లు విండోస్‌ని దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి, దాని మీదే పరీక్షలు జరుపుకొంటాయి. ఫ్యాను వేగం, గ్రాఫిక్స్ కార్డు నిద్ర, బ్యాటరీ పొదుపు లాంటివాటికి కంపెనీ తన సొంత ప్రోగ్రాములు విండోస్‌లోనే పెట్టిస్తుంది. లైనక్స్ వేసిన రోజున అవన్నీ పోతాయి. ఈ పదిహేనేళ్లలో లైనక్స్ వాటిలో చాలావాటిని తనే నేర్చుకుంది. మామూలు ఇంటెల్ ల్యాప్‌టాప్‌ల్లో ఇప్పుడు పెద్ద తేడా కనిపించదు. పేచీ అంతా రెండు గ్రాఫిక్స్ చిప్పులున్న మోడళ్లతోనే ఎక్కువ. మాస్టారి అమ్మాయిది సరిగ్గా ఆ కోవలోదే.

ఫోన్లో వైద్యం

‘‘ముందు జ్వరం చూడాలి’’ అన్నాడు అన్నయ్య. చెయ్యి పెట్టి చూసి వేడెక్కిందనుకోవడం వేరు, అంకె తెలియడం వేరు. మింట్‌లోని సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ‘ఎల్‌ఎం-సెన్సర్స్’ అనే ప్యాకేజీ దొరుకుతుంది. అది ఉంటే టెర్మినల్ తెరిచి ‘సెన్సర్స్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కడమే. ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ ఎన్ని డిగ్రీల్లో ఉందో వరసగా చూపిస్తుంది. ఊరికే ఉన్నప్పుడు నలభై, యాభై డిగ్రీలుంటే హాయిగా ఉన్నట్టు. పని చేయిస్తున్నప్పుడు డెబ్భై, ఎనభై అయినా కంగారు లేదు. తొంభై దాటి అక్కడే కూర్చుంటే తేడా ఉన్నట్టే. ఈ తరం ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి గరిష్ఠం నూరు డిగ్రీలు. దాని దగ్గరికొస్తే ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకుంటుంది. అప్పుడే మనకి ‘స్లో అయిపోయింది’ అనిపిస్తుంది. అప్పటికీ దిగకపోతే తనను తాను కాపాడుకోవడానికి మొత్తం ఆపేసుకుంటుంది. గురువారం మధ్యాహ్నం జరిగింది అదే. పాడైపోయి ఆగలేదు, పాడవకుండా ఉండటానికి ఆగింది.

‘‘ఇప్పుడు అన్నీ మూసెయ్. బ్రౌజర్ కూడా. పది నిమిషాలు దాని జోలికెళ్లకు. తర్వాత సిస్టమ్ మానిటర్ తెరిచి ప్రాసెసర్ వాడకం ఎంత శాతముందో, వేడి ఎంతుందో రెండూ చెప్పు.’’

ఈ పది నిమిషాల పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. వాడకం ఎక్కువగా ఉండి వేడి కూడా ఎక్కువుంటే ఏదో ప్రోగ్రాం తెర వెనక పరుగెడుతోందని అర్థం. కొత్తగా లైనక్స్ వేసిన మొదటి ఒకటి రెండు రోజులు అప్‌డేట్లు దిగడం, బ్యాకప్ తీయడం లాంటివాటితో కాస్త హడావిడి మామూలే. అది దానంతటదే సర్దుకుంటుంది. వాడకం అయిదు శాతం లోపుండి కూడా వేడి దిగకపోతే అనుమానం గ్రాఫిక్స్ కార్డు మీదికి పోవాలి. ఊరికే ఉన్నప్పుడు చల్లగా ఉండి, పని మొదలెట్టిన రెండు మూడు నిమిషాల్లోనే తొంభైకి ఎగబాకితే మాత్రం దోషం సాఫ్ట్‌వేర్‌ది కాదు. లోపల దుమ్ము పట్టి ఉంటుంది.

అమ్మాయి చెప్పిన లెక్క: వాడకం 3 శాతం, వేడి 74 డిగ్రీలు.

‘‘దొరికాడు దొంగ’’ అన్నాడు అన్నయ్య.

ఇలాంటి ల్యాప్‌టాప్‌లో బొమ్మ చూపించడానికి ప్రాసెసర్‌లోనే ఓ చిన్న ఇంటెల్ చిప్పు ఉంటుంది. ఆటలకీ వీడియో ఎడిటింగ్‌కీ విడిగా ఎన్విడియా కార్డు. రిపోర్టు కొట్టుకోవడానికి, మెయిల్ చూసుకోవడానికి చిన్నది చాలు, పెద్దది పడుకోవాలి. ఎన్విడియా డ్రైవర్ వేసుకున్నాక లైనక్స్‌లో మూడు పద్ధతులుంటాయి. ఎప్పుడూ ఎన్విడియానే, అవసరమైతే ఎన్విడియా, ఎప్పుడూ ఇంటెల్ మాత్రమే అని. రెండోదే మంచిది కదా అనిపిస్తుంది. కొత్త కార్డుల్లో మంచిదే. కానీ ఎన్విడియా డ్రైవర్ లైనక్స్‌లో కార్డుని పూర్తిగా పడుకోబెట్టే సౌకర్యం 2018లో వచ్చిన ట్యూరింగ్ తరం నుంచే ఇచ్చింది. జీటీఎక్స్ 1050 దానికి ముందు తరం. అంటే ‘అవసరమైతే’ అని పెట్టినా అది కళ్లు తెరుచుకునే కూర్చుంటుంది, పనేమీ చేయకుండా కరెంటు తాగుతూ. పైగా ఇలాంటి మోడళ్లలో చాలావాటికి ప్రాసెసర్ వేడినీ కార్డు వేడినీ మోసే రాగి గొట్టాలు ఒకటే. ఒకరి సెగ ఇంకొకరికి తగులుతుంది.

మింట్‌లో దీనికి మార్గం తేలికే. కింద పట్టీలో, గడియారం దగ్గర ఎన్విడియా గుర్తు ఉంటుంది. దాని మీద నొక్కి ఇంటెల్ పొదుపు పద్ధతికి మార్చి, ఒకసారి రీస్టార్ట్ చేయాలి. ఉబుంటు వాడేవాళ్లకి ఎన్విడియా సెట్టింగ్స్ ప్రోగ్రాంలో ప్రైమ్ ప్రొఫైల్స్ అనే చోట ఇదే దొరుకుతుంది. అమ్మాయి మార్చింది. పది నిమిషాలు ఆగి చూసింది. 59 డిగ్రీలు! ఫ్యాను మోత సగానికి తగ్గింది. పక్క గదిలోంచి అమ్మ వచ్చి ‘‘ఏమైందే, కరెంటు పోయిందా?’’ అని అడిగింది.

యూట్యూబ్ పెట్టగానే మళ్లీ...

శుక్రవారం పొద్దున ప్రాజెక్టుకి సంబంధించిన పాఠం ఒకటి యూట్యూబ్‌లో పెట్టుకుంటే అంకె మళ్లీ ఎనభై అయిదుకి ఎక్కింది. ఒక్క వీడియోకే ఇంత కష్టపడాలా అంటే, పడాలి, లెక్క తప్పితే. వీడియో విప్పి చూపించే పని చేయడానికి ఇంటెల్ చిప్పులో ప్రత్యేకంగా ఓ భాగం ఉంటుంది. దానికి అప్పజెబితే సునాయాసంగా చేస్తుంది. లేకపోతే ప్రాసెసర్ నాలుగు కోర్లూ కలిసి మోయాలి. లైనక్స్ బ్రౌజర్లు చాలాకాలం ఆ భాగాన్ని పట్టించుకోకుండా ప్రాసెసర్ నెత్తినే రుద్దేవి. ఫైర్‌ఫాక్స్ 2023 జులైలో వచ్చిన 115వ వెర్షన్ నుంచి ఇంటెల్ చిప్పుల మీద దాన్ని మామూలుగానే వాడుకోవడం మొదలెట్టింది. కాబట్టి ఫైర్‌ఫాక్స్ పాతది కాకుండా చూసుకోవాలి.

అమ్మాయిది కొత్తదే. మరెందుకు వేడెక్కింది? వీడియోని కుదించే పద్ధతులు చాలా ఉన్నాయి. యూట్యూబ్ ఇప్పుడు ఏవీ1 అనే కొత్త పద్ధతిలో ఎక్కువగా పంపిస్తోంది. డేటా తక్కువ ఖర్చవుతుంది, మంచిదే. ఏడో తరం ఇంటెల్ చిప్పుకి అంతకుముందువైన హెచ్264, వీపీ9 తెలుసు గానీ ఏవీ1 తెలీదు. తెలియని భాషలో ఉత్తరం వస్తే పక్కింటివాళ్ల చేత చదివించుకున్నట్టు, ఆ పని తిరిగి ప్రాసెసర్ మీదే పడుతుంది. యూట్యూబ్ అకౌంట్ సెట్టింగుల్లో ప్లేబ్యాక్ విభాగంలో ఏవీ1 ఎంపిక ఉంటుంది. తక్కువ క్వాలిటీకే ఏవీ1 అని పెట్టుకోవచ్చు. ఇంకా గట్టిగా కావాలంటే ఫైర్‌ఫాక్స్ అంతర్గత సెట్టింగుల పేజీలో ‘మీడియా ఏవీ1 ఎనేబుల్డ్’ అనే దాన్ని ఫాల్స్ చేస్తే సరి. అమ్మాయి రెండోది చేసింది. అదే పాఠం అరవై ఏడు దగ్గర నడిచింది.

అన్నట్టు, మన ఇళ్లలో ఉన్న చాలా పాత ల్యాప్‌టాప్‌ల తెరకి 768 గీతలే ఉంటాయి. అందులో 1080, ఆ పైన క్వాలిటీ పెట్టుకుని చూడటమంటే చెంబులో బిందెడు నీళ్లు పోయడమే. 720 చాలు. కంటికి తేడా తెలీదు, మిషన్‌కి మాత్రం బాగా తెలుస్తుంది.

మింట్‌లో, ఉబుంటులో పవర్ సెట్టింగుల్లో పొదుపు, మధ్యస్థం, వేగం అని పద్ధతులు కనిపిస్తే వేసవిలో పొదుపు పెట్టుకోవడం మంచిది. టీఎల్‌పీ అని ఇంకో ప్రోగ్రాం ఉంది, లైనక్స్ వాడేవాళ్లు కనిపించిన ప్రతివాళ్లకీ దాన్నే సిఫార్సు చేస్తుంటారు. నిజంగానే మంచిది. అయితే ఈ పవర్ పద్ధతుల్ని నడిపే ప్రోగ్రాం ఒకవైపు, టీఎల్‌పీ ఒకవైపు ఉంటే రెండూ ఒకే తాడు చెరోవైపు లాగుతాయి. ఏదో ఒకటే ఉంచుకోవాలి. ఇక ఫ్యాను వేగాన్ని మన చేతుల్లోకి తీసుకునే ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. చాలా ల్యాప్‌టాప్‌ల్లో ఫ్యానుని చూసుకునేది లోపల ఉన్న చిన్న చిప్పే, లైనక్స్ కాదు. మోత తగ్గుతుంది కదాని ఫ్యాను తగ్గిస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. వాటి జోలికి పోకపోవడమే మేలు.

లోపల పరిచిన దుప్పటి

ఇంత చేసినా ప్రాజెక్టులోని భారీ ప్రోగ్రాం నడిపితే నాలుగు నిమిషాల్లో తొంభై ఆరు. ఇక సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పని కాదని అన్నయ్య చెప్పేశాడు. ‘‘బాబాయికి చెప్పు, ఎదురుగా కూర్చుని విప్పించమను. మదర్‌బోర్డు మాట ఎత్తితే, ముందు దుమ్ము దులిపి, పేస్ట్ మార్చి, ఆ తర్వాత చెప్పమను.’’

శనివారం మాస్టారు, అమ్మాయి కలిసి మూడో షాపుకెళ్లారు. అక్కడి కుర్రాడు అడుగు మూత తీసి, ఫ్యాను పక్కన ఉన్న రేకుల వరస చూపించాడు. రేకుల మధ్య గాలి పోయే దారే లేదు. బూడిదరంగు దుమ్ము, దూది దట్టించినట్టు పేరుకుపోయి ఉంది. ఎనిమిదేళ్లుగా ఎవరూ విప్పని మిషను మరి! కొత్తగూడెం లాంటి బొగ్గు ఊళ్లో అయితే చెప్పనే అక్కర్లేదు. ప్రాసెసర్‌కీ రాగి గొట్టానికీ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఎండి, సున్నం పెచ్చులా రాలింది. పాతది స్పిరిట్‌తో తుడిచి, కొత్తది కొంచెం పెట్టి, ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టాడు. ఇంట్లో చేసేవాళ్లు అలా పట్టుకోకుండా కొడతారు, ఫ్యాను విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. కొందరు వాక్యూమ్ క్లీనర్ పెడతారు. స్టాటిక్ కరెంటు పుట్టే భయముంది, వద్దు.

అంతా అయ్యాక కుర్రాడు ఇంకోటి చూపించాడు. బ్యాటరీ మధ్యలో పూరీలా ఉబ్బి ఉంది.

‘‘టచ్‌ప్యాడ్ ఈమధ్య నొక్కుతుంటే గట్టిగా అనిపించలేదా అక్కా?’’

అనిపించింది. పాతదైపోయింది కదాని ఊరుకుంది.

అసలు భయపడాల్సింది దీనికే. వేడి వల్ల లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. లోపల వాయువు పుట్టి ఉబ్బుతుంది. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు మూత విచ్చుకున్నా, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతున్నా ఇక చార్జింగ్ పెట్టకూడదు, మంచం మీద అసలు పెట్టకూడదు. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం చేస్తే అంటుకునే ప్రమాదముంది. చెత్తబుట్టలో పడేసేది కూడా కాదు. షాపువాళ్లకి అప్పజెప్పాలి. ఆ కుర్రాడు దాన్ని జాగ్రత్తగా తీసి పక్కన పెట్టాడు. కొత్తది తెప్పించడానికి నాలుగు రోజులు పడుతుందన్నాడు. ఈలోపు చార్జర్ మీదే నడపొచ్చు. కరెంటు పోతే మాత్రం ల్యాప్‌టాపూ పోతుంది. దుమ్ముకీ పేస్ట్‌కీ కలిపి వందల్లోనే అయింది. బ్యాటరీ విడిగా. మాస్టారి చీటీ డబ్బులు చీటీలోనే ఉన్నాయి.

ఇంటికొచ్చి అదే భారీ ప్రోగ్రాం నడిపితే డెబ్భై తొమ్మిది దగ్గర నిలబడింది.

ఇంకా తగ్గదా అంటే, గది సంగతి కూడా చూసుకోవాలి కదా. ల్యాప్‌టాప్ ఫ్యాను ఏసీ కాదు. గదిలో ఉన్న గాలినే లోపలికి లాగి వదులుతుంది. చాలా ల్యాప్‌టాప్‌లకి కంపెనీలు చెప్పే హద్దు 35 డిగ్రీల గది. బయట 44 ఉన్న మధ్యాహ్నం, రేకుల షెడ్డు పక్క గదిలో అది ఏపాటి చల్లబడుతుంది? భారీ పనులు పొద్దునో రాత్రో పెట్టుకోవడం మేలు. మంచం, పరుపు, దిండు అడుగున ఉన్న గాలి రంధ్రాల్ని మూసేస్తాయి. ఓ పీట మీదో, వెనక అంచు కింద రెండు పుస్తకాలు పెట్టి బల్ల మీదో ఉంచితే గాలాడుతుంది. కూలర్ ఎదురుగా మాత్రం పెట్టకూడదు. చల్లగానే ఉంటుంది కానీ నీటి తుంపరలు లోపలికి పోతాయి.

ఇంకా లైనక్స్ వేయనివాళ్లకి ఒక మాట. మింట్ అయినా ఉబుంటు అయినా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, విండోస్ తీయకుండానే ఆ పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. ఓ గంట వాడి, వై-ఫై, సౌండు, ఫ్యాను మోత ఎలా ఉన్నాయో చూసుకోవడం నయం. కంపెనీ సైటులో బయోస్ అప్‌డేట్ ఏదైనా ఉంటే అది విండోస్ ఉండగానే వేసేసుకోవాలి. కొన్ని కంపెనీల అప్‌డేట్లు విండోస్‌లోంచి తప్ప ఎక్కవు.

ఆదివారం రాత్రి అన్నయ్యే ఫోన్ చేశాడు. ‘‘చెల్లెమ్మా, రేపు కాలేజీలో ప్రొజెక్టర్‌కి తగిలించాలి కదా. ఒకసారి ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ వైరు పెట్టి చూడు.’’

పెట్టింది. టీవీలో బొమ్మ రాలేదు! అమ్మాయి గుండె జారింది. కొన్ని గేమింగ్ మోడళ్లలో హెచ్‌డీఎంఐ రంధ్రం నేరుగా ఎన్విడియా కార్డుకే కలిపి ఉంటుంది. కార్డు పడుకుంటే ఆ రంధ్రమూ పడుకుంటుంది. ‘‘రేపొక్క రోజుకి మళ్లీ పాత పద్ధతికి మార్చి రీస్టార్ట్ చెయ్. కాస్త వేడెక్కుతుంది, ఏం పర్లేదు. ఇప్పుడు దుమ్ము లేదుగా.’’ మార్చాక టీవీ నిండా బొమ్మ వచ్చింది. వెనక నిలబడి చూస్తున్న మాస్టారు అప్పుడు కుర్చీలో కూర్చున్నారు.

వైవా అరగంట నడిచింది. అమ్మాయి తెర మూలన వేడి అంకె కనిపించేలా పెట్టుకుంది. అది 72 దాటలేదు. మధ్యలో ఓ సారు ‘‘అదేంటమ్మా మూలన, డిగ్రీలు చూపిస్తోంది?’’ అని అడిగితే ప్రాజెక్టు ప్రశ్నలకన్నా దానికే ఎక్కువసేపు జవాబు చెప్పాల్సొచ్చింది. ఆయన ఇంట్లోనూ 2016 నాటి ల్యాప్‌టాప్ ఒకటి మూలన పడుందట!